సాగు కోసం గీసిన పటంలో మంచు జాడలు

అమెరికాలోని అయోవా రాష్ట్రం నడిమి భాగంలో ఏ మొక్కజొన్న చేను నేల పటం తీసినా, వంకరటింకర గీతల మధ్య 138బి, 55, 107, 507, 95, 6 లాంటి అంకెలు కనిపిస్తాయి. అక్కడి రైతుకు ఇవేమీ కొత్త కాదు. భూమి కొనేటప్పుడు, కౌలు మాట్లాడుకునేటప్పుడు, బ్యాంకు లోనుకు వెళ్లేటప్పుడు ఆ పొలం జాతకం ఈ అంకెలే. 138బి అంటే క్లారియన్ లోమ్, ఇసుక, ఒండ్రు, బంక కలిసిన నేల, రెండు నుంచి ఆరు శాతం వాలు. 107 అంటే వెబ్‌స్టర్, నీరు త్వరగా దిగని నల్లనేల. 6 అంటే ఒకోబోజి, వాన పడితే మడుగయ్యే గుంట. మొక్కజొన్నకు ఏ నేల ఎంత అనువో మార్కులు వేసి, ఆ మార్కుల మీద భూమి విలువ కట్టే పద్ధతి కూడా ఆ రాష్ట్రంలో ఉంది.

ఇదే పటాన్ని పంట సంగతి పక్కనపెట్టి ఇంకోలా చదవొచ్చు. ప్రతి అంకె వెనక ఉన్న నేల ఏ మన్ను నుంచి పుట్టిందో చూసి, ఆ పుట్టుకను బట్టి రంగులు వేసుకుంటూ పోవాలి. మంచు ఈడ్చుకొచ్చి వదిలిన మట్టికి ఒక రంగు, కరిగిన మంచునీరు పరిచిన ఇసుకకు, గులకరాళ్లకు ఒక రంగు, గాలి మోసుకొచ్చిన దుమ్ముకు ఇంకో రంగు, పాత సరస్సు అడుగున పేరుకున్న బంకమన్నుకు మరో రంగు. వంద గ్రామాల పటాలు ఇలా రంగులు దిద్ది పక్కపక్కన పెడితే, ఉత్తరం నుంచి దిగి వచ్చి డి మోయిన్ నగరం ఉన్న చోట ఆగిన ఒక పెద్ద మంచు నాలుక ఆకారం బయటపడుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని డి మోయిన్ లోబ్ అంటారు. సుమారు 17 వేల ఏళ్ల కిందట అది తన దక్షిణపు కొసకు చేరింది. ఆ తర్వాత మూడు వేల ఏళ్లకు అటూఇటూగా అయోవా నేల నుంచి పూర్తిగా తప్పుకుంది.

పంట కోసం గీసిన పటం మంచుయుగం చరిత్ర చెప్పడం యాదృచ్ఛికం కాదు. అలాగని దాన్ని కళ్లు మూసుకుని నమ్మడానికీ లేదు. పటం ఎవరు గీశారు, దేనికోసం గీశారు, ఎంత లోతు దాకా చూశారు అన్నవి తెలిస్తేనే అది పనికొస్తుంది.

నాలుగడుగుల మట్టి కోసం వందేళ్ల నడక

అమెరికా వ్యవసాయ శాఖ నేలల సర్వేను 1899లో మొదలుపెట్టింది. ఉద్దేశం పూర్తిగా సాగుదే: ఏ నేలలో పొగాకు బాగా వస్తుంది, ఎక్కడ నీరు పెడితే చౌడు తేలుతుంది, ఎక్కడ వాలు ఎక్కువై మట్టి కొట్టుకుపోతుంది. సర్వేయరు చేతిలో ఆగర్ ఉండేది. మట్టిలోకి తిప్పుతూ దించి, పైకి లాగితే లోపలి పొరను అలాగే పట్టుకొచ్చే ఇనుప పనిముట్టు అది. పొలం పొలం తిరిగి, వాలు మారిన ప్రతిచోటా దాన్ని దించి, రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి ఇసుక ఎంతో బంక ఎంతో తేల్చి, రెండు చుక్కల పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి నురగ వస్తుందో లేదో చూసేవారు. నురగ వస్తే సున్నం ఉన్నట్టు. తర్వాతి రోజుల్లో ఎయిర్ ఫోటో మీదే గీతలు గీసే పద్ధతి వచ్చింది. జిల్లా లాంటి ప్రతి కౌంటీకీ ఒక సర్వే పుస్తకం తయారైంది. ఒక్క అయోవాలోనే 99 కౌంటీలు.

భూగర్భ పటాలు గీసేవారికి ఇంత సిబ్బంది, ఇంత సమయం ఎప్పుడూ దొరకలేదు. పైపెచ్చు వాళ్ల చూపు కింది రాయి మీద, బొగ్గు మీద, నీటి పొరల మీద ఉండేది. పైన కప్పి ఉన్న మంచుయుగపు మట్టిని చాలా పటాల్లో ఒకే రంగుతో సరిపెట్టేవారు. అందుకే ఒక పెద్ద తేడా మిగిలిపోయింది. రాష్ట్రమంతటికీ ఉన్న భూగర్భ పటంలో ఒక సెంటీమీటరు అయిదు కిలోమీటర్లకు సమానం కావొచ్చు. నేల పటంలో అదే సెంటీమీటరు నూట ఇరవై నుంచి రెండు వందల నలభై మీటర్లే. మొదటిదాంట్లో ఒక పట్టణం చుక్క, రెండోదాంట్లో ఒక చేను మూలనున్న గుంట కూడా విడిగా కనిపిస్తుంది.

ఈ పటాలన్నీ తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కాయి. 2005 నుంచి వెబ్ సాయిల్ సర్వే అనే సైటులో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు, డేటా దించుకోవచ్చు. ఒక్కో గీత వెనక పెద్ద పట్టికే ఉంటుంది: ఏ నేల ఎంత శాతం, నీరు ఎంత తేలిగ్గా దిగుతుంది, వాలు ఎంత, ఏ లోతులో ఏ పొర, మాతృక ఏమిటి. మాతృక అంటే నేలగా మారకముందు అక్కడున్న అసలు మన్ను. మంచు చరిత్ర వెతికేవారికి కావలసింది ముందుగా ఈ గడే.

అయిదింట్లో మూడు ఒకటే అయితే

నేల ఎలా పుడుతుందన్న ప్రశ్నకు హాన్స్ జెన్నీ అనే శాస్త్రవేత్త 1941లో ఒక లెక్కలాంటి జవాబు ఇచ్చాడు. వాతావరణం, జీవజాలం, భూమి ఎత్తుపల్లాలు, మాతృక, కాలం, ఈ అయిదూ కలిసి నేలను తయారుచేస్తాయని. ఆ మాట కొత్తదేమీ కాదు, రష్యాలో దొకుచాయెవ్ 1883 నాటికే నల్లనేలల మీద ఇలాంటి ఆలోచన చేశాడు. అయితే జెన్నీ చెప్పిన తీరులో ఒక సౌకర్యం ఉంది. నాలుగు అంశాలు ఒకేలా ఉన్న చోట అయిదోదాని ప్రభావం విడిగా కనిపిస్తుంది.

డి మోయిన్ లోబ్ ఇందుకు దాదాపు ప్రయోగశాలే. ఒక కౌంటీలో ఈ మూల నుంచి ఆ మూలకు వాతావరణం మారదు. నాగలి పడకముందు దాదాపు అంతటా నిలువెత్తు గడ్డి మైదానమే. మంచు తొలగి నేల బయటపడిన కాలమూ దాదాపు ఒకటే. అంటే మూడు అంశాలు స్థిరం. మిగిలినవి రెండు: కింద ఏ మన్ను ఉంది, ఆ చోటు మెరకా పల్లమా. ఈ రెండూ మంచు వదిలి వెళ్లినవే. కాబట్టి ఒక నేలకూ పక్క నేలకూ తేడా ఉందంటే, ఆ తేడా మంచు చేసిన పనే అనుకోవడానికి బలమైన ఆధారం దొరికినట్టు.

ఈ ఆలోచన తెలుగు రైతుకు పరాయిది కాదు. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి కింద నల్లరాయి ఉంటుందని, ఎర్ర చెలక కింద గ్రానైటు ఉంటుందని భూగర్భ శాస్త్రం చదవనివారికీ తెలుసు. ఇంకో సూక్ష్మం కూడా ఇక్కడే ఉంది. తెలంగాణలో గ్రానైటు మీదే మెరకన ఎర్రనేల, అదే వాలు దిగి పల్లానికి వచ్చేసరికి నల్లనేల కనిపించే ఊళ్లు చాలా ఉన్నాయి. కింద రాయి ఒకటే. నీరు, దానితో పాటు సున్నం, సన్నని బంక పల్లానికి చేరడంతో నేల రంగు మారింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్రనేల, నల్లనేల రెండూ ఒకే ప్రహరీ లోపల ఉన్నాయి. రంగు ఒక్కదాన్నే చూసి కింద రాయి ఫలానా అనడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. అయోవా పటాన్ని చదవడంలోనూ అదే జాగ్రత్త కావాలి. వాలు వెంట ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే నేలల వరుసకు తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన మిల్నే 1930లలో కటీనా అని పేరు పెట్టాడు. గొలుసు అని అర్థం. గొలుసులో ఒక కొక్కెం మాత్రమే చూస్తే మోసపోతాం, మొత్తం చూస్తే చోటు తెలుస్తుంది.

దిబ్బ నుంచి గుంట దాకా

అయోవాలోని ఏమ్స్ పట్టణం చుట్టుపక్కల ఒక మామూలు చేనులో దిబ్బ మీద నుంచి పల్లం వైపు నూటయాభై మీటర్లు నడిస్తే గొలుసు మొత్తం కాళ్ల కింద వస్తుంది. ఎత్తు తేడా రెండు మూడు మీటర్లు కూడా ఉండకపోవచ్చు. కారులో పోయేవారికి అది బల్లపరుపు నేలే. డి మోయిన్ నుంచి మినియాపొలిస్ వైపు ఐ-35 రోడ్డు మీద గంటల తరబడి వెళ్లే మనవాళ్లలో చాలామందికి ఈ ప్రాంతం "చూడ్డానికి ఏమీ లేని చోటు" అనిపించడం సహజం.

దిబ్బ భుజం దగ్గర, వాలు ఎక్కువున్న చోట స్టోర్డెన్. పైనుంచే సున్నం, ఆమ్లం చుక్క వేస్తే వెంటనే నురగ. పక్కనే మెల్లని వాలు మీద క్లారియన్, పై మట్టి నల్లగా, కింద గోధుమరంగు, సున్నం దాదాపు మీటరు లోతుకు దిగిపోయి ఉంటుంది. కాస్త కిందికి నికొలెట్, అడుగు పొరలో బూడిద మచ్చలు మొదలవుతాయి. అవి ఏడాదిలో కొన్ని నెలలు నీరు నిలిచిందని చెప్పే గుర్తులు. ఇంకా కిందికి వెబ్‌స్టర్, మందంగా నల్లగా, అడుగున బూడిదరంగు. తర్వాత కనిస్టియో, మళ్లీ పైనుంచే సున్నం. గుంట అంచున హార్ప్స్, సున్నం ఇంకా ఎక్కువ. గుంట నడుమ ఒకోబోజి, బొగ్గులాంటి నలుపు, పై పొరల్లో సున్నం ఉండదు.

ఈ వరుసలో హార్ప్స్ దగ్గర ఒక్క నిమిషం ఆగడం మంచిది. సున్నం గుంట నడుమ కాకుండా అంచున ఎందుకు చేరింది? గుంటలో నిలిచిన నీరు నేరుగా కిందికి దిగుతూ అక్కడి సున్నాన్ని కరిగించి తీసుకుపోతుంది. అంచున మాత్రం నీరు పక్కకు, పైకి ఎగబాకుతుంది. ఎండకు, గడ్డి వేర్లకు నీరు ఆవిరైపోతే అందులో కరిగి ఉన్న సున్నం అక్కడే మిగులుతుంది. ఎండాకాలంలో చెరువు శిఖం అంచున తెల్లని పూత కనిపించడం లాంటిదే, కాకపోతే అక్కడ వేల ఏళ్లు జరిగింది. ఫలితంగా ప్రతి గుంట చుట్టూ ఒక సున్నపు ఉంగరం. ఆ సున్నంలో సోయాబీన్‌కు ఇనుము అందక ఆకులు పసుపుబారతాయి. సున్నం ఎక్కువైన నేలల్లో మన వేరుశనగ ఎదుర్కొనే తెగులే అది. జూన్, జూలై నెలల్లో విమానం కిటికీలోంచి చూస్తే పచ్చని చేలలో పసుపు ఉంగరాలు కనిపించడానికి కారణం ఇదే. పటంలో హార్ప్స్ అంకె 95 ఉంగరంలా చుట్టిన ప్రతిచోటా ఒక గుంట ఉందని, ఆ గుంట మంచు కరిగినప్పుడే ఏర్పడిందని అర్థం చేసుకోవచ్చు. మట్టిలో ఇరుక్కున్న మంచుదిమ్మ కరిగి కుంగిన చోట్లు వాటిలో చాలా ఉన్నాయి.

ఇక్కడి నుంచి పని ఒక్కో నేలను వదిలి నేలల అల్లికను చదవడానికి మారుతుంది. స్టోర్డెన్, క్లారియన్ దిబ్బలు, వాటి మధ్య ఒకోబోజి గుంటలు, వాటి చుట్టూ హార్ప్స్ ఉంగరాలు దట్టంగా, క్రమం లేకుండా కలగలిసి ఉంటే అది మంచు కదలడం ఆపేసి, ఉన్నచోటే కరిగిపోయిన ప్రాంతం. మంచు పైన పేరుకున్న మట్టి అడ్డదిడ్డంగా కిందికి జారి గుట్టలు గుట్టలుగా మిగిలింది. లోబ్ అంచు వెంట ఉన్న బెమిస్ మొరెయిన్, దానికి ఉత్తరాన ఆల్టమాంట్, ఇంకా ఉత్తరాన ఆల్గొనా, ఈ మూడు మట్టి కట్టల్లోనూ ఈ అల్లిక కనిపిస్తుంది. వెనక్కి తగ్గుతున్న మంచు అంచు మధ్యలో నిలదొక్కుకున్న చోట్లు అవి. వాటి మధ్యలో నికొలెట్, వెబ్‌స్టర్, కనిస్టియో విశాలంగా, మెల్లగా పరుచుకుని ఉంటే అది మంచు తన అడుగున అదిమి పరచిన మైదానం.

మూడో అల్లిక అన్నిటికంటే అందమైనది. కొన్నిచోట్ల క్లారియన్, వెబ్‌స్టర్ పట్టీలు చీర అంచు మీది చారల్లా ఒకదాని పక్కన ఒకటి, దాదాపు సమాన దూరంలో వస్తాయి. ఎత్తు తేడా చాలా తక్కువ, నేల మీద నిలబడితే కనిపించదు. 1942లో గ్విన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఎయిర్ ఫోటోల్లో ఈ చారలను గమనించి రాశాడు. ఆయనకు వాటిని చూపింది ఎత్తుపల్లాలు కాదు, నేల రంగు. పల్లపు చారలు నల్లగా, మెరక చారలు వెలిసినట్టుగా కనిపించాయి. అంటే మంచు రూపాలను పట్టివ్వడానికి నేలే ఆనవాలు అన్న సంగతి కంప్యూటర్ల కంటే చాలా పాతది.

గులకరాళ్లు, దుమ్ము, బంకమన్ను

మంచు కరిగిన నీరు పోయిన దారులు వేరే రంగు కడతాయి. డి మోయిన్ నది, రాకూన్ నది లోయల వెంట, లోబ్ లోపలి పాత వాగుల వెంట వడీనా, ఎస్తర్‌విల్ నేలలు పొడుగాటి పట్టీలుగా ఉంటాయి. పైన అడుగు నుంచి మూడడుగుల దాకా మట్టి, కింద ఇసుక, గులకరాళ్లు. వడీనాలో పై మట్టి కాస్త మందం, ఎస్తర్‌విల్‌లో పలచన. కంకర క్వారీలు ఎక్కడ ఉన్నాయో పటం మీద పెడితే ఎక్కువగా ఈ పట్టీల మీదే పడతాయి. ఈ నేలల విలువ భూపటానికే కాదు, తాగునీటికీ ఉంది. పైన పోసింది కిందికి తొందరగా దిగే చోట్లు ఇవే.

లోబ్ అంచు దాటగానే కథ ఒక్కసారిగా మారుతుంది. పడమర, దక్షిణ దిక్కుల్లో నేలలు ఎక్కువగా లోయస్ మీద పుట్టినవి. లోయస్ అంటే ఎండిన నదీ మైదానాల నుంచి గాలి లేపి పరిచిన పిండిలాంటి మట్టి. మిస్సోరి నది పక్కనున్న లోయస్ హిల్స్‌లో దీని మందం కొన్నిచోట్ల 60 మీటర్లు. నది నుంచి తూర్పుకు పోయే కొద్దీ పొర పలచనవుతుంది, గింజ సన్నబడుతుంది, బంక పెరుగుతుంది. నేలల పేర్లు కూడా అదే వరుసలో మారతాయి: హాంబర్గ్, ఐడా, మొనోనా, మార్షల్, షార్ప్స్‌బర్గ్. పేర్ల వరుస చదివితే చాలు, గాలి ఏ వైపు నుంచి వీచిందో, దుమ్ము ఎక్కడి నుంచి లేచిందో చెప్పొచ్చు.

లోబ్ మీద మాత్రం చెప్పుకోదగ్గ లోయస్ లేదు. గాలి అక్కడ వీయలేదని కాదు. దుమ్ము ఎక్కువగా పడిన కాలం మంచు వచ్చేసరికి చాలావరకు గడిచిపోయింది, పడిన దుమ్మును మంచు తన మట్టితో కప్పేసింది. కాబట్టి లోయస్ నేలలు ఆగిపోయి క్లారియన్ మొదలయ్యే గీత రెండు కాలాలకు సరిహద్దు కూడా. ఈ గీత నేల పటంలో కొన్నిచోట్ల రోడ్డు గీసినంత స్పష్టంగా కనిపిస్తుంది.

రాష్ట్రం తూర్పు భాగంలో ఇంకో ఉపయోగం ఉంది. టామా అనే నేలలో లోయస్ మందంగా ఉంటుంది. డిన్స్‌డేల్‌లో 20 నుంచి 40 అంగుళాల లోయస్ కింద టిల్, అంటే మంచు ఈడ్చుకొచ్చి వదిలిన మట్టి, తగులుతుంది. ఆ రెండిటి మధ్య గీత గీస్తే, అది లోయస్ మందం నలభై అంగుళాలకు తగ్గిన చోట్లన్నిటినీ కలిపే గీత అవుతుంది. ఎవరూ బోరు వేయకుండానే మందం పటం తయారు. మిషిగన్, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో పలచని లోయస్‌ను గుర్తించడానికి పరిశోధకులు ఇలాంటి పనే విస్తారంగా చేశారు.

లోయస్‌కు పూర్తి భిన్నమైన చోటు ఉత్తర డకోటా, మిన్నెసోటా సరిహద్దులోని రెడ్ రివర్ లోయ. అక్కడ మంచు అంచు ముందు అగాసిజ్ అనే మహా సరస్సు ఉండేది. దాని తీరాలను వారెన్ అప్హామ్ 19వ శతాబ్దం చివర్లో కాలినడకన, గుర్రపు బండిలో తిరిగి గుర్తించాడు. ఈ రోజు నేల పటం తెరిస్తే ఫార్గో అనే బరువైన బంకమన్ను నేల సరస్సు అడుగంతా పరుచుకుని, దాని అంచున ఇసుక నేలల సన్నని గట్లు పాత ఒడ్లను చూపుతూ కనిపిస్తాయి. ఆ చదునైన అడుగు మీద నీరు ఎటూ తొందరగా పోదు. 1997లో గ్రాండ్ ఫోర్క్స్ పట్టణం మునగడంలో ఈ నేలకూ పాత్ర ఉంది.

లేని హిమయుగం కథ

నేల వివరాలు చదవకుండా పేరు మాత్రమే చూస్తే ఏం జరుగుతుందో ఈశాన్య అయోవా చెబుతుంది. అక్కడి మెల్లని మైదానాన్ని చూసి 19వ శతాబ్దం చివర్లో భూగర్భ శాస్త్రవేత్తలు దానికి విడిగా ఒక హిమయుగం కేటాయించారు, పేరు అయోవన్ అని పెట్టారు. లోయస్ దాదాపు లేదు, దక్షిణ అయోవాలో కనిపించే బలంగా శిథిలమైన పాత నేలలూ లేవు, కాబట్టి ఇది పాతదానికీ కొత్తదానికీ మధ్యలో వచ్చిన మంచు అయి ఉండాలని వాదన. దీని మీద దశాబ్దాల పాటు గొడవ నడిచింది.

1960లలో రాబర్ట్ రూహె, ఆయన తోటివారు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు వరుసగా బోర్లు వేసి చూశారు. కొత్త టిల్ దొరకలేదు. అదే పాత టిల్, అయితే దాని పైభాగం కోతకు గురై పోయింది. మంచు దగ్గర్లోనే ఉన్న ఆ చలి యుగంలో గాలి, నీరు, గడ్డకట్టి కరిగే నేల కలిసి దాన్ని చెక్కేశాయి. కోతలో సన్నని మట్టి పోయి గులకరాళ్లు మిగిలి ఒక రాళ్ల వరుసగా ఏర్పడ్డాయి. దాని మీద తర్వాత అడుగో రెండడుగులో మట్టి చేరింది. ఆ హిమయుగం లేదు, ఉన్నది కోత పడిన ఒక మైదానం.

నేల సర్వే పుస్తకంలో ఇది ఎలా కనిపిస్తుంది? ఆ ప్రాంతపు ముఖ్య నేల కెన్యన్. దాని వివరణలో "లోమ్ మట్టి, దాని కింద టిల్" అని, ఆ రెండిటి మధ్య గులకరాళ్ల వరుస ఉందని రాసి ఉంటుంది. క్లారియన్ వివరణలో ఆ వరుస ఉండదు. పట్టికలో మాతృక గడి ఒక్కటే చూసి రంగు వేసేవారికి రెండూ టిల్, రెండూ ఒకే రంగు. క్లారియన్ 14 వేల ఏళ్ల కిందట బయటపడిన నేల, కెన్యన్ అయిదు లక్షల ఏళ్లకు పైబడిన మట్టి మీద మొన్నమొన్న జరిగిన కోత. కంప్యూటర్ పటాలు గీసేవారు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే. గడిలో ఉన్న మాట నేల మొత్తం కాదు, వివరణ చదవాలి.

సున్నం కూడా ఒక గడియారమే. లోబ్ మీద మెల్లని వాలున్న చోట్ల సున్నం మీటరు లోపలే దొరుకుతుంది. దక్షిణ అయోవాలో పాత టిల్ మీద, మట్టి కొట్టుకుపోని సమతలాల్లో, అది చాలా లోతుకు దిగి, పైన బూడిదరంగు బంకగా మారిన పాత నేల మిగిలింది. అక్కడి క్లారిండా అనే నేల పుట్టింది ఆ పాత బంక మీదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జార్జ్ కే దానికి గంబోటిల్ అని పేరు పెట్టాడు. వానకు జిగురులా పట్టుకుంటుంది, ఎండకు రాయిలా బిగుస్తుంది. దాన్ని దున్నిన రైతు ఎవరైనా ఆ పేరు ఒప్పుకుంటాడు.

ఎక్కడ తప్పుతుంది

మొదటి హద్దు లోతు. పాత సర్వేలు అయిదు అడుగుల దాకా, ఈ మధ్యవి దాదాపు రెండు మీటర్ల దాకా చూశాయి. డి మోయిన్ పరిసరాల్లో టిల్ కింద పూడిపోయిన లోయస్, అందులో స్ప్రూస్ చెట్ల దుంగలు దొరికాయి. మంచు ఎప్పుడు వచ్చిందో రేడియోకార్బన్‌తో తేల్చడానికి పనికొచ్చినవి అవే. నేల పటానికి వాటి ఊసే తెలియదు. పైన కనిపించే రూపం ఏమిటో ఈ పటం చెబుతుంది, కింద ఎన్ని పొరలు ఉన్నాయో చెప్పదు.

రెండోది కౌంటీ సరిహద్దు. ఒక కౌంటీ సర్వే 1950లలో జరిగితే పక్కదాన్ని 1980లలో చేసి ఉండొచ్చు. ఈలోగా నేలల నిర్వచనాలు మారాయి, సర్వేయర్లు మారారు. పటాలు పక్కపక్కన పెడితే మొరెయిన్ ఒకటి సరిహద్దు దగ్గర కత్తెరతో కోసినట్టు ఆగిపోతుంది. మంచుకు కౌంటీల సంగతి ఏం తెలుసు? తిన్నని గీత కనిపించిన ప్రతిచోటా అనుమానించడం ఈ పనిలో మొదటి అలవాటు కావాలి. పేర్ల పరిధి మారడం కూడా ఇలాంటిదే. తొలి రోజుల్లో మయామి అనే పేరు కింద ఎన్నెన్నో నేలలను కలిపి రాశారు, తర్వాత వాటిని విడగొట్టుకుంటూ వచ్చారు. ఇప్పుడు మయామి ఇండియానా రాష్ట్ర నేల, దాని అర్థం చాలా ఇరుకు. పాత పుస్తకంలోని మయామిని ఇప్పటి మయామి అనుకుంటే లెక్క తప్పుతుంది.

మూడోది గట్టి చిక్కు. సర్వేయరు ప్రతి గజానికీ ఆగర్ దించడు. కొన్నిచోట్ల దించి, "ఇలాంటి వాలు మీద ఇలాంటి నేల ఉంటుంది" అని ఒక లెక్క మనసులో పెట్టుకుని మిగతాది గీస్తాడు. ఆ లెక్కలో అప్పటికే భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పిన మాటలు కలిసి ఉంటాయి. ఫలానా గీతకు ఇటువైపు మంచు వచ్చిందని పాత పటంలో చూసిన సర్వేయరు ఇటువైపు నేలకు టిల్ పేరు రాస్తాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఒకరు ఆ నేల పటం తీసుకుని "చూశారా, మంచు ఇక్కడి దాకా వచ్చిందనడానికి ఇదిగో స్వతంత్ర సాక్ష్యం" అంటే అది సాక్ష్యం కాదు, ప్రతిధ్వని. సరిహద్దు ఎక్కడ ఉందన్న ప్రశ్న మీద ఈ చిక్కు ఎక్కువ. సరిహద్దు లోపల గుంటలు, దిబ్బలు, చారలు ఎలా ఉన్నాయన్న ప్రశ్న మీద తక్కువ, ఎందుకంటే ఆ వివరం పాత భూగర్భ పటాల్లో అసలు లేదు. నేల పటం నిజంగా కొత్త సంగతి చెప్పేది అక్కడే.

నాలుగోది నాగలి. నూటయాభై ఏళ్ల దుక్కిలో దిబ్బల మీది నల్లమట్టి కిందికి జారిపోయింది. మొక్కజొన్న ఎక్కువగా పండే అమెరికా కార్న్ బెల్ట్ సాగుభూమిలో దాదాపు మూడో వంతు విస్తీర్ణంలో పైపొర పూర్తిగా పోయిందని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2021లో వచ్చిన ఒక అంచనా. పైపొర పోతే సున్నం ఉన్న అడుగు బయటపడుతుంది, క్లారియన్ అనాల్సిన చోటు స్టోర్డెన్‌లా కనిపిస్తుంది. అది మంచు చేసిన తేడా కాదు, ట్రాక్టరు చేసినది.

ఈ పద్ధతి పనిచేసేది నేల వయసు, మంచు మట్టి వయసు దగ్గరగా ఉన్న చోటే. మన దగ్గరా మంచు వదిలిన మట్టి ఉంది. గోదావరి లోయ బొగ్గు పొరల అడుగున తాల్చిర్ రాళ్లు సుమారు 30 కోట్ల ఏళ్ల నాటి మంచు అవశేషాలు. తెలంగాణకు హద్దైన పెన్‌గంగ పక్కన ఇరాయి దగ్గర మంచు గీకిన గీతలున్న బండను 1870లలోనే గుర్తించారు. కానీ ఆ మట్టి ఎప్పుడో రాయిగా మారింది. దాని మీద ఇప్పుడున్న నేలకు కారణం ఈనాటి వానలు, ఈనాటి ఎండలు. పెన్‌గంగ ఒడ్డున ఆగర్ దించితే మంచు కథ రాదు, ఆ బండల మీది గీతలే చెప్పాలి.

రెండు పటాలు ఒకదాని మీద ఒకటి

అయోవా మొత్తాన్నీ 2007 తర్వాత కొన్నేళ్లలో విమానం నుంచి లేజరుతో కొలిచారు. లైడార్ అనే ఈ కొలతతో అడుగు ఎత్తున్న గట్టు కూడా నీడపటంలో కనిపిస్తుంది. ఇక నేల పటంతో పనేముంది అనిపించడం సహజం. లైడార్ రూపం చూపుతుంది, లోపల ఏముందో చెప్పలేదు. ఒక పొడుగాటి వంకర గట్టు కనిపించిందనుకుందాం. అది మంచు అంచున పేరుకున్న మట్టి కట్ట కావొచ్చు, మంచు కింద సొరంగంలో పారిన వాగు వదిలిన గులకరాళ్ల గట్టు కావొచ్చు, పాత సరస్సు ఒడ్డు కావొచ్చు. నేల పటంలో అక్కడ క్లారియన్ ఉంటే మొదటిది, ఎస్తర్‌విల్ ఉంటే రెండోది కావడానికే అవకాశం ఎక్కువ. రెండూ పొంతన కుదరకపోతే బోరు బండిని తీసుకెళ్లాల్సింది సరిగ్గా ఆ చోటికే. వంద చోట్ల బోర్లు వేసే డబ్బు ఎవరి దగ్గరా ఉండదు, ఎక్కడ వేయాలో తెలిస్తే అయిదారు సరిపోతాయి.

ఈ పని వల్ల లాభం చరిత్ర తెలుసుకోవడంతో ఆగదు. లోబ్ మీది గుంటలు, చిత్తడి మైదానాల్లో ఎక్కువ భాగాన్ని రైతులు భూమిలో పైపులు వేసి ఎండగట్టారు. ఆ పైపుల నీటితో పాటు నైట్రేటు రాకూన్ నదిలోకి, అక్కడి నుంచి నగరం తాగునీటిలోకి చేరుతుంది. దీని మీద డి మోయిన్ నీటి సరఫరా సంస్థ 2015లో ఎగువనున్న మూడు కౌంటీల్లో పొలాల నీటిని బయటికి పంపే డ్రైనేజీ డిస్ట్రిక్టుల మీద కోర్టుకెక్కింది. 2017లో ఆ దావా కొట్టేశారు. సమస్య మాత్రం అక్కడే ఉంది. కొన్ని గుంటలను మళ్లీ నీటితో నింపితే వాటిలోని సూక్ష్మజీవులు కొంత నైట్రేటును నదికి చేరకముందే తగ్గిస్తాయి. ఏ గుంటలను నింపాలి? పైపుల వల్ల ఇప్పుడు చేలు అన్నీ ఒకేలా ఎండి ఉన్నాయి, కంటితో తేడా తెలియదు. నేల పటంలో మాత్రం నీటి వివరాలు పైపులకు ముందున్న స్థితిని బట్టే రాసి ఉన్నాయి. 95 ఉంగరం మధ్యలో 6 అని ఎక్కడ రాసి ఉందో అక్కడ.